పెద్దబజారులో దూది పింజ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. శాలువా కప్పుతారు. నేను గీసిన కూరగాయల మార్కెట్టు సంగతి, కూడలి వెడల్పు చేసిన సంగతి చెప్పి దిగిపోతాను. చప్పట్లు కొడతారు. పెద్దబజారు సంగతి మాత్రం ఏ మీటింగులోనూ చెప్పలేదు. ముప్పయ్యేళ్ళ నౌకరీలో నేను ఎలాంటి మనిషినో తేలింది అక్కడే. అందుకే చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చదివి నన్ను మెచ్చుకోవలసిన పని లేదు.

ఊరి పేరు రాయను. కరీంనగర్ జిల్లాలో, జమ్మికుంటకు పత్తి బండ్లు పోయే దారిలో ఉన్న ఒక చిన్న పట్నం అనుకోండి. నేను అక్కడి మున్సిపాలిటీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. అంటే ఇంజనీరు మనసులో ఉన్న కట్టడాన్ని కాగితం మీద గీసేవాణ్ణి. ఇంజనీరు మనసులో ఏమీ లేకపోతే అదీ నేనే గీయాలి.

డెబ్బైలలో ఒక సహకార సంఘం మున్సిపాలిటీ జాగాలో పెద్ద దుకాణం కట్టింది. పప్పు ఉప్పు మొదలు చీరలు, స్టవ్వుల దాకా అన్నీ ఒకే కప్పు కింద అమ్ముతారని చెప్పారు. జనం దానికి పెద్దబజారు అని పేరు పెట్టుకున్నారు. మొదటి రోజు జనాన్ని ఆపడానికి పోలీసులు రావలసి వచ్చింది. ఏడెనిమిదేళ్ళు తిరిగేసరికి సంఘం మూతపడింది. బీరువాలు, బల్లలు ఎవరెవరో పట్టుకుపోయారు. ఉత్త హాలు మున్సిపాలిటీ నెత్తిన పడింది.

ఆ హాలు గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు. దానికి కిటికీలు లేవు. గోడ పొడుగునా సరుకుల అరలు పెట్టాలని కిటికీలు వదలకుండా కట్టారు. పైన కప్పుకు దగ్గరగా అద్దాలు బిగించిన చిన్న చిన్న సందులు, ముందు వైపు రెండు పెద్ద తలుపులు. కింద షాబాదు బండలు. ఎనభై అడుగుల పొడవు, మధ్యలో ఒక్క అడ్డుగోడ లేదు.

ఎనభైల మొదట్లో ఆ హాలును ఎట్లాగైనా వాడకంలోకి తేవాలని చైర్మన్ పట్టుబట్టాడు. మంచివాడే, కాని ఓపిక లేనివాడు. మొదట కల్యాణ మండపం అన్నాడు. గీశాను. మొదటి పెళ్ళి ఆయన బంధువులదే, నడి ఎండాకాలం. హోమం పొగ బయటికి పోయే దారి లేదు. అయ్యగారు మంత్రానికీ మంత్రానికీ మధ్య దగ్గు, పెళ్ళికూతురి కళ్ళ నిండా నీళ్ళు. చివరికి తాళి బయట మెట్ల మీద కట్టించారు. రెండో పెళ్ళికి ఎవరూ రాలేదు. తరువాత గ్రంథాలయం అన్నాడు. గీశాను. పట్టపగలు పేపరు చదవాలంటే తలుపు దగ్గరికి వచ్చి నిలబడాల్సి వచ్చింది. అది కూడా పోయింది. మన ఆఫీసునే అందులోకి మారుద్దామన్నాడు. గీశాను. మా హెడ్ గుమాస్తా, పాన్ నములుతూ లోకాన్నంతా అనుమానంగా చూసే మనిషి, ఆ బొమ్మ చూసి, నన్ను బతికుండగానే బొంద పెడతవా తమ్మీ అన్నాడు. దాంతో అదీ ఆగింది.

మూడు బొమ్మలు గీసిన కాలంలో కొలతలు తీయడానికి నేను తెచ్చుకున్న తాళంచెవి నా సొరుగులోనే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు. ఖాళీ భవనం తాళంచెవి ఎవరికి కావాలి?

ఆ చలికాలంలో ఒక దూదేకే ఆయన ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. గడ్డం అప్పటికే సగం నెరిసింది. భుజాన దూది ఏకే పెద్ద విల్లు. ఊళ్ళో అందరూ చాచా అనేవారు, నేనూ అట్లాగే అన్నాను. ఆయనా భార్యా ఒక్క గది ఇంట్లో ఉండేవారు. పాత రజాయిలు విప్పి, గడ్డలు కట్టిన దూదిని ఏకి, మళ్ళీ కుట్టి ఇవ్వడం వాళ్ళ పని. చలి మొదలయ్యే ముందు రెండు మూడు నెలలే చేతి నిండా పని. ఆ కొద్ది కాలంలోనే ఏడాదికి సరిపడా సంపాదించుకోవాలి.

ఆయన సుత్తి లేకుండా చెప్పాడు.

“సారు, మా పనికి గాలి దుష్మన్. ఇంట్ల జాగ లేదు. బయట ఏకితె సగం దూది ఊరి మీదికి పోతది. గా పెద్దబజార్ల కిటికీలు లెవ్వు. జర తాళం తియ్యుండ్రి.”

నేను కలం కింద పెట్టి ఆయన మొహం చూశాను. మూడేళ్ళుగా ఆఫీసు మొత్తం ఆ హాలుకు కిటికీలు లేవని ఏడుస్తోంది. కిటికీలు లేవు కాబట్టే కావాలని అడిగిన మొదటి మనిషి ఆయన. నేను గీసిన మూడు బొమ్మల్లో లేని తెలివి ఆ మాటలో ఉంది. నాకు సంతోషం కలిగింది, కొంచెం సిగ్గు కూడా కలిగింది. ఎవరినీ అడగకుండా తాళంచెవి తీసి ఇచ్చాను. పది రోజులే చాచా, మళ్ళీ తెచ్చియ్యి అన్నాను. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మా ఆఫీసులో అట్లా నోటి మాట మీద ఇచ్చినవి చాలా ఉండేవి. కాకపోతే ఇచ్చే అధికారం ఉన్నవాళ్ళు ఇచ్చినవి. నాకు ఆ అధికారం లేదు.

పది రోజులు మూడు చలికాలాలు అయ్యాయి.

నేను సాయంత్రం ఇంటికి పోతూ అటు తొంగి చూసేవాణ్ణి. విల్లు తీగ మోగే చప్పుడు ఆ పెద్ద హాలంతా నిండి ఉండేది. దూది నేల మీద మోకాలెత్తు లేచి కూర్చునేది, ఒక్క పింజ కూడా తలుపు దాటేది కాదు. చాచా భార్య మాటకారి. ఎవరి రజాయిలో ఎంత పాత దూది ఉందో చూసి ఆ ఇంటి చరిత్ర చెప్పేది. పాత రజాయిలు నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చేవారు. ఏకడం అయ్యేదాకా మెట్ల మీద కూర్చునేవారు. వాళ్ళు కూర్చున్నారని గాజులామె వచ్చింది. రజాయిల గలీబులు, అంటే పై తొడుగులు, కుట్టడానికి మిషన్ పెట్టుకుని ఒక దర్జీ అరుగు మీద చేరాడు. ఒక చాయ్ బండి వచ్చింది. సహకార సంఘం మూతపడ్డాక ఆ మెట్ల మీద అంతమందిని ఎవరూ చూడలేదు.

మొదటి ఏడు చివర్లో చాచా మా ఇంటికి ఒక కొత్త రజాయి తెచ్చాడు. ఎర్ర గలీబు, పూల అంచు. పైసలు తీసుకోను అన్నాడు. నేను ఒకసారి కాదన్నాను. రెండోసారి అనలేదు. చిన్న సంగతే అనుకున్నాను.

ఇప్పుడు చేదు సంగతికి వస్తాను. పెద్దబజారు ముందు జనాన్ని చూసి వ్యాపారులకు ఆశ పుట్టింది. ఇంతమంది వస్తున్నారంటే ఇది మంచి అడ్డా అని చైర్మన్ చెవిన వేశారు. హాలును మడిగెలుగా, అంటే చిన్న చిన్న దుకాణాల గదులుగా, విడగొట్టి వేలం వేయాలని తీర్మానం అయింది. ఇరవై రెండు మడిగెలు. గీశాను. ఆ జనం మడిగెల కోసం రావడం లేదని, దూది కోసం వస్తున్నారని నాకు తెలుసు. ఒక్క ముక్క అనలేదు. గీయమన్నారు, గీశాను. ఈసారి హైదరాబాదు నుంచి మంజూరు కూడా వచ్చింది.

మంజూరు కాగితంలో ఒక షరతు ఉంది. ఆ భవనంలో ఎవరైనా పని చేసుకుని బతుకుతుంటే వారి పేర్లు జాబితా రాసి పంపాలి. కొత్త మడిగెలలో వేలం లేకుండా మొదట వారికి ఒకటి ఇవ్వాలి. ఎవరో మంచివాడు రాయించిన షరతు. అది చదవగానే నాకు చాచా మొహం కళ్ళ ముందు కదిలింది. రాయవలసింది ఒక్క పేరు. రాసేవాణ్ణి నేనే, ఎందుకంటే స్థల వివరాల కాగితం డ్రాఫ్ట్స్‌మనే నింపాలి.

పేరు పక్కన ఇంకో రెండు గడులు ఉన్నాయి. ఎప్పటి నుంచి ఉంటున్నాడు. ఎవరి అనుమతితో ఉంటున్నాడు.

కాగితం పట్టుకుని హెడ్ గుమాస్తా దగ్గరికి పోయాను. ఆయనకు అంతా తెలుసు, ఊరందరికీ తెలుసు. అప్పటికి నా ప్రమోషన్ ఫైలు కదులుతోంది. అదీ ఆయనకు తెలుసు. పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని అన్నాడు.

“గీ గడిల నీ పేరు రాస్తివా తమ్మీ, రేపటికెల్లి సంజాయిషీలు రాసుకుంట కూసుంటవ్. ఖాళీ అని రాయి. దూదేకేటాయనకు తర్వాత ఎట్లనో ఒకట్ల జూద్దాం.”

ఎట్లనో ఒకట్ల అనే మాట మా ఆఫీసులో ఎంతమందిని ముంచిందో నాకు తెలియనిది కాదు. అయినా ఆ మాట నాకు హాయిగా వినిపించింది. బల్ల దగ్గరికి వచ్చి, మంచి దస్తూరీతో, భవనం పూర్తిగా ఖాళీగా ఉన్నది అని రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అనేవారు.

ఇక హైదరాబాదు నుంచి పెద్ద ఇంజనీరు స్థలం చూడటానికి వచ్చే రోజు హాలు నిజంగా ఖాళీగా కనిపించాలి. ముందు రోజు చాచా దగ్గరికి పోయాను. పై ఆఫీసరు వస్తున్నాడు, ఒక్క పూట సామాను తీసెయ్యి, మడిగెలు అయ్యాక నీకు ఒకటి ఇప్పించే పూచీ నాది అన్నాను. షరతు సంగతి చెప్పలేదు. చెబితే తన పేరు ఉందా అని అడుగుతాడు. ఆయన ఏమీ అడగలేదు. భార్య మాత్రం అడిగింది.

“మల్ల ఎప్పుడు రావాలె సారు? పదిమంది రజాయిలు ఇప్పి ఉన్నయి.”

ఎల్లుండి పొద్దున రండి అన్నాను.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి ఇద్దరూ హాలు శుభ్రం చేస్తున్నారు. మూటలన్నీ అప్పటికే ఇంటికి చేరవేశారు. చీపురుతో ఊడిస్తే దూది నుసి లేస్తుంది గాని పోదు. అందుకని ఆమె తడిగుడ్డతో ఎనభై అడుగుల నేలనూ తుడిచింది. చాచా వెదురుకు గుడ్డ కట్టి గోడలు తుడిచాడు. దర్జీనీ, చాయ్ బండినీ ఆయనే బతిమాలి ఆ పూటకు పంపేశాడు. సారుకు పరేషాన్ కావద్దు అని వాళ్ళతో అంటుంటే విన్నాను. మూడు చలికాలాల బతుకు ఒక్క పూటలో మాయమైంది. తన ఆనవాళ్ళు తానే తుడిచిపెట్టాడు, నా మాట నమ్మి.

పెద్ద ఇంజనీరు పదకొండు గంటలకు వచ్చాడు. కోస్తా వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, అన్నీ చూస్తాడు. వెంట చైర్మన్, మా ఇంజనీరు, నేను. నేను బొమ్మ విప్పి పట్టుకున్నాను. హాలంతా తిరిగి చివరికి తలెత్తి పైకి చూశాడు. అద్దం సందు పక్కన ఉన్న కొక్కేనికి తెల్లగా ఒక దూది పింజ వేలాడుతోంది. వెదురు అందని చోట మిగిలిపోయింది.

“ఇక్కడ ఎవరైనా ఉంటున్నారా?” అని అడిగాడు.

చైర్మన్ నా వైపు చూశాడు. మా ఇంజనీరు నేల చూశాడు.

“లేరు సార్. పత్తి ఊరు కదా, గాలికి వచ్చి పడుంటుంది” అన్నాను.

కిటికీలు లేని హాలులోకి గాలి ఎట్లా వచ్చిందని ఆయన అడగలేదు. అడగాలనుకున్నాడని మాత్రం ఆయన మొహం చెప్పింది. బయటికి నడిచాడు. మెట్ల పక్కన చాచా నిలబడి ఉన్నాడు. ఇంటికి పొమ్మని నేను చెప్పలేదు, అది మరిచిపోయాను. విల్లుకు గుడ్డ చుట్టి గోడకు ఆనించి పెట్టాడు గాని, దాని ఆకారం తెలియనివాళ్ళు ఎవరు? చేతుల వెంట్రుకల మీద ఇంకా తెల్లటి నుసి. పెద్ద ఇంజనీరు ఆయన ముందు ఆగాడు.

“నువ్వెవరయ్యా? ఇందులో పని చేసుకుంటావా? భయపడకు, ఉంటే చెప్పు. నీకు మంచే జరుగుతుంది.”

అంత స్పష్టంగా అడిగాడు. అవును సారు అని ఒక్క మాట అంటే చాలు, మొదటి మడిగె ఆయనది. నా నౌకరీ ఆ సాయంత్రానికే తేలిపోయేది. చాచా ఇంజనీరును చూశాడు. తరువాత నన్ను చూశాడు. నేను ఆయన వైపు చూడకుండా బొమ్మ కాగితం చుడుతున్నాను. అది ఆయనకు కనిపించింది.

“లేదు సారు,” అన్నాడు. “తొవ్వల పోతున్న. జర నీడకు నిలవడ్డ.”

నేను నోరు తెరవవలసిన చోటు అది. తెరవలేదు. జీపు కదిలింది. చాచా విల్లు భుజాన వేసుకుని ఇంటి దారి పట్టాడు.

మర్నాడు పొద్దున, నేను రమ్మన్నట్టే, మొగుడూ పెళ్ళాం మూటలతో వచ్చేసరికి తలుపులకు గుత్తేదారు తాళం ఉంది. గోడలు లేపడానికి ఇటుకలు దిగుతున్నాయి. నేను ఆ రోజు సెలవు పెట్టాను. ఎందుకు పెట్టానో మీకు చెప్పనక్కర్లేదు. విప్పిన పది రజాయిల దూదిని వాళ్ళు ఒక్క గది ఇంట్లో, వాకిట్లో ఏకారని, సగం గాలికి పోయిందని, జనం చాలా మాటలన్నారని దర్జీ చెప్పాడు. వేలం రోజున చాచా వచ్చి వెనక వరుసలో నిలబడ్డాడట. జాబితాలో పేరు లేదన్నారు. మడిగె సంగతి చైర్మన్‌కు చెప్పి చూశాను. రూలు ఒప్పుకోదన్నాడు. అది నిజమే. ఒప్పుకునే రూలు ఉన్న రోజు నేనే పేరు రాయలేదు. నాకు ప్రమోషన్ వచ్చింది. మరుసటి చలికాలానికి వాళ్ళు ఊళ్ళో లేరు.

మడిగెల కథ కూడా వినండి. రోడ్డు వైపు ఉన్న ఆరు మాత్రమే నడిచాయి. లోపలి పదహారూ చీకటి గుహలు. గాలి లేదు, వెలుతురు లేదు. రజాయిలు ఏకే మనిషి పోయాక మెట్ల మీద జనమూ పోయారు. ఒక్కొక్క షట్టరూ దిగింది. కొన్నేళ్ళకు కొత్త చైర్మన్ వచ్చి, ఈ ఖాళీ మడిగెలను ఎట్లా వాడకంలోకి తేవాలో ఆలోచించండి అని కొత్త ఫైలు తెరిపించాడని విన్నాను. అప్పటికి నేను ఆదిలాబాదుకు బదిలీ అయ్యాను. గీసే పాపం ఇంకొకరికి పోయింది.

తొంభైలలో ఒక చలికాలం. పని మీద ఇచ్చోడ పోయి ఆదిలాబాదు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. అవతలి వైపు భుజాన విల్లుతో ఒక ముసలాయన నడుస్తున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. ఎట్లాగో ధైర్యం చేసి చాచా అని కేకేశాను. ఆగి, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసి, గుర్తు పట్టాడు. భార్య పోయి రెండేళ్ళు అయిందట. ఊళ్ళ మీద తిరుగుతూ, ఎవరి వాకిట్లో జాగా ఇస్తే అక్కడ ఏకుతున్నాడట. తప్పు ఒప్పుకోవాలని నోటిదాకా వచ్చింది. దానికి బదులు, మా ఇంట్లో రజాయి గడ్డలు కట్టింది చాచా, రేపు ఆదిలాబాదు వచ్చి ఏకి పోతావా అన్నాను. ఆ రజాయి ఆయన ఇచ్చిందే. ఆ సంగతి చెప్పలేదు.

వచ్చాడు. ముందుగదిలో కిటికీలన్నీ నేనే మూశాను. గలీబు విప్పగానే తన కుట్టు తనకు తెలియకపోదు. ఒక నిమిషం దాని మీద చేయి పెట్టి కూర్చున్నాడు. తరువాత విల్లు అందుకున్నాడు.

తీగ చప్పుడు విని మా ఇంటి ఓనరు వచ్చాడు. రెండిళ్ళ అవతల ఉండే పెద్దమనిషి. తలుపు దగ్గర నిలబడి, ఎవలు సార్ గీయన, మీకు ఎర్కున్నోడా అని అడిగాడు. నేను ఎన్ని ఏళ్ళుగానో ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచాను.

“మా ఊరి చాచ. పెద్దబజార్ల మూడు చలికాలాలు పని జేసిండు. తాళం నేనే ఇచ్చిన” అన్నాను. గొంతు నాకే పెద్దగా వినిపించింది.

చాచా తీగ మీద చేయి ఆపాడు. నన్ను చూడలేదు, ఓనరునే చూశాడు.

“లేదు పటేలా. సారుకు నేనెవలో తెల్వది. తొవ్వల పోతుంటె పిలిచిండు.”

ఓనరు తల ఊపి వెళ్ళిపోయాడు. ఒకప్పుడు ఆ మాట నన్ను కాపాడింది. ఈసారి కాపాడుకోవడానికి నాకు ఏమీ లేదు. అది తెలిసే అన్నాడు. నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

పొద్దు వాలకముందే కుట్టు ముగించి, దారం పంటితో కొరికి, రజాయి మడిచి బల్ల మీద పెట్టాడు. కూలి ఎంత అని అడిగితే, ఊళ్ళో అందరి దగ్గర తీసుకునేదే చెప్పాడు. ఎక్కువ ఇవ్వబోతే మిగిలింది తిరిగి నా చేతిలో పెట్టాడు. చాయ్ వద్దన్నాడు. తరువాత మా ఆవిడను చీపురూ తడిగుడ్డా అడిగి తీసుకున్నాడు. మేము వద్దంటున్నా వినకుండా, ఆ ముసలి మోకాళ్ళ మీద వంగి, మూలమూలలా ఊడ్చి, తుడిచి పోయాడు. ఆయన వెళ్ళాక నేను గదంతా వెతికాను. ఒక్క పింజ కూడా దొరకలేదు.